నీళ్లు లేక ఎండిన ఆలివ్ చెట్టు నూనె గొంతులో ఎక్కువ గిల్లుతుందా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. నాలుగేళ్లుగా స్పెయిన్‌లో, మాలగాలో ఉంటున్నాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వ్యవసాయం గురించి నాకు తెలిసిందల్లా మా తాతగారి వరి చేను గట్టు మీద కూర్చుని విన్న కబుర్లే. ప్రశ్న మరీ చిన్నపిల్లాడు అడిగినట్టుంటే నవ్వుకోండి, జవాబు మాత్రం చెప్పండి.

మా ఆఫీసులో ఒకాయన మామగారికి హాయెన్ జిల్లాలో ఆలివ్ తోట ఉంది. పాత తోట, పిక్వాల్ రకం, చెట్టుకీ చెట్టుకీ మధ్య లారీ తిప్పుకోవచ్చు. డ్రిప్పు ఉంది కానీ ఈసారి నీటి కోటా బాగా కోసేశారట. ఏటా కోతలయ్యాక వాళ్ల ఊరి మిల్లు నుంచి ఐదు లీటర్ల క్యాను తెచ్చుకుంటాం. ఇంతకుముందు తెచ్చిన నూనె టమాటా ఆకు నలిపిన వాసనతో, కొంచెం చేదుగా, హాయిగా ఉండేది. ఈసారిది స్పూనుతో నోట్లో వేసుకుంటే ముందు ఏమీ తెలియలేదు. మింగాక రెండు మూడు సెకన్లకి గొంతులో ఎవరో గిల్లినట్టయి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. మా ఆవిడ వెంటనే "మీకు కల్తీ నూనె అంటగట్టారు" అని తేల్చేసింది.

పెద్దాయనకి ఫోన్ చేయిస్తే ఆయన నవ్వారు. వేసవంతా చెట్టు దాహంతో ఉంది, దాహంతో ఉన్న చెట్టు నూనె కుడుతుంది, అదే మందు, అన్నారు. చెట్టు ఎంత కష్టపడితే నూనె అంత మంచిదట.

ఇది నిజమా, లేక అమ్ముకునేవాళ్ల మాటా? నీళ్లు లేని చెట్టు ఉన్న ఓపిక కూడా పెట్టి ఈ ఘాటు ఎందుకు తయారుచేసుకుంటుంది? నిజమే అయితే మంచి నూనె కోసం కావాలనే నీళ్లు ఆపేయొచ్చు కదా?

మాడ్రిడ్ మావయ్య:

బాబూ, కల్తీ కాదు. ఇక్కడ నూనె రుచి చూసేవాళ్లు ఆ కుట్టడాన్ని మంచి గుణంగానే రాసుకుంటారు. దగ్గు వచ్చిందంటే సరుకు ఉన్నట్టే. దాన్ని పోపులో పోసి మాడ్చేయకండి, పాపం. రొట్టె కాల్చి టమాటా రుద్ది పైన పోసుకోండి.

ఇక కారణం అంటారా, ఎండకి మాడిన చెట్టు మందు ఎక్కువ ఇస్తుంది. సింపుల్.

చీనీతోట:

మావయ్యగారు "సింపుల్" అన్నారు కాబట్టి రాయక తప్పడం లేదు. మాది అనంతపురం జిల్లా. చదువు కోసం కోర్డోబా వచ్చి, రెండు వేసవులు అచ్చంగా ఈ పనే చేశాను. తోటలో కొన్ని వరసలకు కడుపునిండా నీళ్లు ఇవ్వడం, కొన్నింటికి కోసేయడం, ఆకులో కాయలో ఏం మారుతోందో చూడడం.

ముందు ఇంట్లో గొడవ తీర్చేద్దాం. గొంతు గిల్లేది ఓలియోకాంథాల్ అనే పదార్థం. దాని సంగతి 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్త ఒకరు సిసిలీలో ఒక సమావేశంలో తాజా నూనె రుచి చూస్తే, ద్రవరూపంలో ఉండే ఐబుప్రొఫెన్ మింగినప్పటి మంటే గుర్తొచ్చిందట. అక్కడి నుంచి తీగ లాగారు. గొంతులో ఆ ఘాటును పసిగట్టే గ్రాహకం పేరు టీఆర్‌పీఏ1. ఆవ ఘాటును పట్టేది కూడా అదే. ఆవకాయ కలుపుతుంటే ముక్కులోకి కొట్టేది ఆవ, మింగాక గొంతులో పట్టుకునేది ఇది. మీ ఆవిడకి చెప్పండి, కల్తీ కాదు, ఆవపిండికి దూరపు చుట్టం అని.

చెట్టులో ఇది ఈ రూపంలో ఉండదు. ఆకులో, పచ్చికాయలో ఉండేది ఓలియూరోపీన్, దాని తోబుట్టువు లిగ్‌స్ట్రోసైడ్. కాయను మిల్లులో నలిపినప్పుడు అవి విరిగి, ఆ ముక్కల్లో కొన్ని నూనెలోకి దిగుతాయి. చేదూ ఘాటూ వాటివే. చెట్టు వీటిని మన గొంతు కోసం చేసుకోదు కదా. ఉల్లిపాయ ఊరికే బుట్టలో ఉంటే కన్నీళ్లు రావు, కోస్తేనే వస్తాయి. ఇదీ అంతే. ఓలియూరోపీన్ ఒక గదిలో, దాన్ని విరిచే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటాయి. పురుగు కొరికితే గోడలు కూలి రెండూ కలుస్తాయి. అప్పుడు పుట్టేది ఆకులోని ప్రోటీన్లకు అతుక్కుని వాటిని బిగదీసేస్తుంది. పురుగు తిన్నా ఒంటపట్టదు.

ఇప్పుడు బెట్ట, అంటే నీటి ఎద్దడి సంగతి. మిట్టమధ్యాహ్నం నీళ్లు చాలని చెట్టు ఆకు కింది రంధ్రాలు మూసేస్తుంది. ఆవిరి ఆగుతుంది, దాంతోపాటు లోపలికి రావాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గిపోతుంది. ఎండ మాత్రం తగ్గదు. కుండలో నీళ్లు ఇంకిపోయినా పొయ్యి అలాగే మండుతున్నట్టు. ఆకు పట్టిన వెలుతురు వాడకం లేక, ఆక్సిజన్‌ను మంట పెట్టే రకంగా మార్చేస్తుంది. దాన్ని చల్లార్చడానికి ఈ ఫినాల్ జాతి పదార్థాలు పనికొస్తాయి. ఇంకొకటి, నీళ్లు తగ్గినప్పుడు ముందు ఆగేది ఎదుగుదల. ఆకులో చక్కెర తయారవడం అంత త్వరగా ఆగదు. కొత్త కొమ్మకు పోవాల్సిన కార్బన్ కొంత మిగిలి ఇటు మళ్లుతుంది. మీరడిగిన "ఉన్న ఓపిక కూడా పెట్టి ఎందుకు" అన్నదానికి ఇది కొంత జవాబు. అది పూర్తిగా ఓపికలోంచి తీసిన ఖర్చు కాదు, ఎదగలేక మిగిలింది కూడా.

స్పెయిన్‌లోనే కాతలోనియాలో అర్బెకీనా రకం చెట్ల మీద చేసిన ప్రయోగాల్లో నీళ్లు తగ్గించిన చెట్ల కాయల్లో ఫినాల్స్ తయారీకి ఒక గుమ్మంలాంటి పీఏఎల్ అనే ఎంజైమ్ ఎక్కువగా పనిచేసింది, నూనెలో ఫినాల్స్ పెరిగాయి. ఇటలీలోనూ ఇదే దిశలో ఫలితాలు వచ్చాయి. నూనె వరకు పెద్దాయన మాట నిలబడుతుంది.

కానీ ఆ పెరుగుదల అంతా చెట్టు గొప్పే కాదు. కొంత మిల్లు లెక్క. ఈ పదార్థాలకు నూనె కంటే నీళ్లంటేనే ఇష్టం. కాయలో ఉన్నదాంట్లో నూనెలోకి చేరేది నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు, మిగతాదంతా పిప్పితో, కాయ నీటితో పోతుంది. బాగా తడిపిన చెట్టు కాయలో నీళ్లు ఎక్కువ, అందుకే అక్కడ కొట్టుకుపోయేదీ ఎక్కువ. బెట్టకాయలో నీళ్లు తక్కువ, నూనెకు దక్కేది కాస్త ఎక్కువ.

దాహం అంటే ఎంత దాహం అన్నది కూడా చూడాలి. మేము మధ్యాహ్నం రెండింటికి కొలిచేవాళ్లం, 42 డిగ్రీల ఎండలో. గంట ముందే ఆకును చెట్టు మీదే వెండిరేకు సంచీలో మూసి ఉంచాలి. తర్వాత బ్లేడుతో కోసి, మందపాటి ఇనుప డబ్బా మూతలో రబ్బరు గుండా తొడిమ ఒక్కటే బయటికి కనిపించేలా బిగించి, లోపలికి నైట్రోజన్ గ్యాసు మెల్లగా వదలాలి. భూతద్దంలో ఆ కోసిన చివరనే చూస్తూ ఉండాలి, రెప్ప వేయకుండా. ఒక క్షణంలో ఆ పొడి చెక్క తడిగా మెరుస్తుంది. అక్కడ గ్యాసు ఆపి ముల్లు చూసుకోవాలి. నీళ్లున్న చెట్టుకి 12, 14 బార్ల దగ్గరే మెరిసేది. నీళ్లు మాన్పించిన చెట్టుకి ఆగస్టులో 35 దాటేది. కారు టైరులో గాలి రెండు బార్లకు కాస్త అటూఇటూ ఉంటుంది, దాంతో పోల్చుకోండి. అంత బలంగా పట్టుకుని ఉంటుంది ఆ చెట్టు తన చుక్క నీటిని. పని అయ్యాక చేతులు ఎంత కడిగినా ఆకుపసరు పోయేది కాదు. డబ్బాలో తెచ్చుకున్న పెరుగన్నం చేత్తో కలుపుకుంటే అన్నమంతా చేదు. రెండో వారం నుంచి స్పూను పట్టుకెళ్లాను.

ఆకుల దగ్గరికొస్తే కథ ఇంత నున్నగా లేదు. కొన్ని రకాల్లో బెట్టకి ఆకులో ఓలియూరోపీన్ పెరుగుతుంది, గ్రీసు రకాల మీద అలా చూపించినవాళ్లున్నారు. కొన్నింటిలో కదలదు, కొన్నింటిలో తగ్గుతుంది. ఆకు వయసు, నెల, కోసిన తర్వాత ఎలా ఆరబెట్టారన్నది కూడా అంకెను మార్చేస్తాయి. ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మొదటి వేసవిలో ఒక రోజు, ఆకును కోసిన వెంటనే గడ్డకట్టించే ద్రవ నైట్రోజన్ అయిపోతే ఆకుల్ని ఐసు పెట్టెలో పడేసి, భోజనం చేసి, తీరిగ్గా ల్యాబుకి తెచ్చాను. ఆ రోజు ఆకుల్లో ఓలియూరోపీన్ సగానికి సగం లేదు. బెట్ట వల్ల తగ్గిందని సంబరపడి గ్రాఫు కూడా గీశాను. మా గైడ్ చూసి, ఆ మధ్యాహ్నం ఏం తిన్నావు అని అడిగారు.

కాబట్టి మీ నూనె గురించి ఒక్కటి కనుక్కోండి. కాయ ఎప్పుడు కోశారు? నల్లబడే కొద్దీ కాయలో ఓలియూరోపీన్ పడిపోతుంది. అక్టోబర్ పచ్చికాయ నూనె, డిసెంబర్ నల్లకాయ నూనె, ఒకే చెట్టువైనా అన్నదమ్ముల్లా ఉండవు. పిక్వాల్ అసలే ఘాటు జాతి. తేదీ తెలియకుండా అంతా కరువు ఖాతాలో వేయొద్దు.

గుంటూరు ఘాటు:

మేడమ్, మా వైపు మిరప రైతులు కూడా ఇదే అంటారు. కోతల ముందు తడి ఆపితే కాయ రంగూ ఘాటూ ఎక్కుతుందని. ఇదీ ఆ లెక్కేనా? అలాగైతే గోదారిగట్టు గారి మూడో ప్రశ్న నాదీ. కావాలని ఆపేస్తే తప్పేంటి?

చీనీతోట:

మంచి పోలికే. మిరప ఘాటు క్యాప్సైసిన్‌లో ఒక ముక్క ఫినైల్ అలనీన్ అనే అమైనో ఆమ్లం నుంచి, నేను పైన చెప్పిన పీఏఎల్ గుమ్మం దాటే వస్తుంది. ఆలివ్‌లో అంత తిన్నగా లేదు. ఓలియూరోపీన్‌లో ఒక ముక్క గ్లూకోజు, ఒకటి టైరోసిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం నుంచి, ఇంకొకటి సువాసన నూనెలు పుట్టే దారిలోంచి వస్తాయి. అందుకే పీఏఎల్ పెరిగింది కాబట్టి చేదు పెరిగింది అని ఒక్క గీతలో కలపడం నాకు నచ్చదు. మిరపలో కూడా రకాన్ని బట్టి బెట్ట ఫలితం మారుతుంది.

కావాలని ఆపడం ఇక్కడ చేస్తారు, కానీ వేళ చూసి. ఆలివ్ కాయకి మామిడికి లాగే టెంక గట్టిపడే దశ ఒకటుంది, ఇక్కడ జులై, ఆగస్టుల్లో. అప్పుడు నీళ్లు తగ్గిస్తే చెట్టు పెద్దగా నష్టపోదు. తర్వాత కాయలో నూనె చేరే రోజులకి మళ్లీ తడి ఇస్తారు. నీళ్లు ఆదా, నూనె బరువు పెద్దగా తగ్గదు, ఫినాల్స్ కొంచెం మెరుగు. మా చీనీకి బెట్ట పెట్టినట్టే. మావాళ్లు నెల, నెలన్నర నీళ్లు మాన్పించి, ఆకు వడలి కొంత రాలాక మళ్లీ నీళ్లు కడితే తోటంతా ఒక్కసారి పూస్తుంది. గుంటూరు వైపు తెలియకపోవచ్చు, చీనీ అంటే బత్తాయి.

అదే బెట్ట పూత మీదో, పిందె మీదో పడితే వేరే సంగతి. స్పెయిన్‌లో 2021-22లో 14 లక్షల టన్నులు దాటిన నూనె, మరుసటి ఏడు 7 లక్షల లోపుకు పడిపోయింది. ఆ ఏడాది నూనె ఘాటుగా ఉందా అని ఇక్కడ నేనున్న ఊళ్లో ఒక్క రైతూ అడగలేదు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. "కష్టపడిన చెట్టు, మందు ఎక్కువ" అని సీసాల మీద రాసుకుంటున్నారు ఈమధ్య. ఊరికే ఒక లెక్క వేసి చూడండి. నీళ్లున్న చెట్టు 8 కిలోల నూనె ఇచ్చింది, కిలోకి 300 మిల్లీగ్రాముల ఫినాల్స్ అనుకుందాం. మొత్తం 2,400. బెట్ట చెట్టు 4 కిలోలిచ్చింది, కిలోకి 500. మొత్తం 2,000. స్పూనులో పెరిగింది, చెట్టులో తగ్గింది. ఇవి నేను ఊహించి వేసిన అంకెలే, కానీ జరిగే తీరు ఇది. బెట్ట మరీ ముదిరితే చెట్టు దగ్గర మళ్లించడానికి ఏమీ ఉండదు, కాయ ముడుచుకుని రాలిపోతుంది.

అనంతపురం సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఇక్కడి ఆలివ్ ఊళ్లదీ దానికి దగ్గర్లోనే. ఆ సామ్యం చూసే నేను ఈ చదువుకి వచ్చాను. మా నాయన తోటకి పట్టిన బెట్ట ఎవరూ పెట్టింది కాదు. బోరు 600 అడుగులు దించినా గాలే వచ్చింది. మూడు నెలలు ట్యాంకరు నీళ్లు తోలించి, అప్పు పెరిగి మానేశాం. ఆఖరి కాపు చీనీకాయలు నిమ్మకాయంత ఉన్నాయి, చాలా తియ్యగా ఉన్నాయి. అంత తియ్యటి కాయ మా తోటలో ఎప్పుడూ కాయలేదు. ఆ తర్వాత చెట్లు కట్టెలకి అమ్మాం.

మాడ్రిడ్ మావయ్య:

అమ్మా, నా "సింపుల్" వెనక్కి తీసుకుంటున్నాను.

అన్నట్టు సీసా మీద ఆరోగ్యం గురించి రాయాలంటే ఐరోపాలో ఒక కొలత ఉంది కదా?

చీనీతోట:

ఉంది మావయ్యగారూ. 2012 నాటి ఐరోపా నిబంధన. 20 గ్రాముల నూనెలో, ఓలియూరోపీన్ విరిగితే వచ్చే హైడ్రాక్సీటైరోసాల్, దాని జాతివి కలిపి కనీసం 5 మిల్లీగ్రాములుంటేనే ఆ మాట రాయాలి. రాయగలిగేది కూడా రక్తంలోని కొవ్వు ఆక్సీకరణకు గురికాకుండా కాపాడుతుంది అన్నంత వరకే. బీపీ, షుగర్, మోకాళ్లు అంటే నమ్మకండి.

కొత్తసభ్యుడు:

మా హైదరాబాద్‌లో అమ్మమ్మ జైతూన్ నూనె అంటూ పిల్లల ఒంటికి రాసేది. చెట్టు ఇంత ఎండకి తట్టుకుంటే మన అనంతపురంలోనే వేసేయొచ్చు కదా అక్కా?

చీనీతోట:

ఎండకి తట్టుకుంటుంది తమ్ముడూ, బతుకుతుంది కూడా. పూయదు. ఆలివ్ పూతకి రావాలంటే చలికాలం కొన్ని వారాలు గట్టి చలి పడాలి. మన సంక్రాంతి చలి దానికి చాలదు. రాజస్థాన్‌లో ఇజ్రాయెల్ సాయంతో 2008లో నాటారు, అక్కడ చలి ఉంది కాబట్టి కాయలు చూశారు. తర్వాత ఆకుతో టీ కూడా చేసి అమ్మారు. ఓలియూరోపీన్ కాయ కోసం ఆగదు, ఆకులో ఎప్పుడూ ఉంటుంది. తాగితే తెలుస్తుంది, వేపాకు కషాయానికి ఏమీ తీసిపోదు.

గోదారిగట్టు:

అందరికీ థాంక్స్. పెద్దాయనని మళ్లీ పట్టుకున్నాను. మీరన్నట్టే తేదీ అడిగితే కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత చెప్పారు. కాయ ముడుచుకుని రాలిపోతోందని భయపడి ఈసారి అక్టోబర్ చివర్లోనే దులిపేశారట. ఇదివరకు మేము తెచ్చుకున్నవన్నీ డిసెంబర్ నూనెలు. ఎన్ని కిలోల కాయ వచ్చిందని అడగమన్నాను. మామూలు ఏడాదిలో మూడో వంతు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదని మావాడు అన్నాడు.

క్యానుకి డబ్బు ఇదివరకు ఇచ్చినంతే తీసుకున్నారు. నిన్న మిగతాది పంపించాను, తీసుకోనని రెండుసార్లు వెనక్కి పంపి మూడోసారి ఉంచుకున్నారు.

నూనె సంగతికొస్తే, మా ఆవిడ మొన్న ముద్దపప్పు, ఆవకాయ అన్నంలో నెయ్యికి బదులు ఒక స్పూను వేసి చూసింది. దగ్గింది. ఇవాళ మళ్లీ వేసుకుంది.